జాగ్వార్ ఈ-టైప్: నిన్న బాగుచేసినదా, పదేళ్ళ కిందట బాగుచేసినదా?

1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో వెలుగు చూసిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు జాగ్వార్ ఈ-టైప్‌ను 72 వేలకు పైగా తయారుచేశారు కనుక అది దొరకని వస్తువేమీ కాదు. దానిమీద డబ్బు పెట్టదలచినవారికి అసలు చిక్కు ఏ బండిని ఎంచుకోవాలన్నదే. 1964 చివర్లో వచ్చిన 4.2 లీటర్ల ఇంజనున్న మొదటి సిరీస్ కార్లనే తీసుకుందాం. పోయిన ఏడాదే పునరుద్ధరణ ముగించుకుని అద్దంలా మెరుస్తున్నది ఒకటి, పదేళ్ళ కిందట బాగుచేయించి అప్పటినుంచి అడపాదడపా నడుపుతున్నది ఒకటి ఇంగ్లండులో పక్కపక్కనే అమ్మకానికి ఉంటే, చూపు మొదటిదాని మీదికే పోతుంది. నా మొగ్గు మాత్రం రెండోదానివైపే.

కొత్త నగకు ఇచ్చిన తరుగూ మజూరీ అమ్మేటప్పుడు తిరిగి రావన్నది మనకు తెలిసిందే. ఇక్కడా అంతే: రేకుపని, రంగు, క్రోమ్ పూత, తోలు సీట్లు, ఇంజన్ పని అన్నీ కలిపితే ఖర్చు చాలాసార్లు బండి ధరనే మించిపోతుంది. తాజా బండి అమ్మేవాడు ఆ మజూరీని వీలైనంతవరకు కొనేవాడి దగ్గరే రాబట్టుకోవాలని చూస్తాడు. పాతదానిలో ఆ నష్టాన్ని వెనకటి యజమాని ఎప్పుడో దిగమింగాడు.

అంతకన్నా పెద్ద సంగతి తుప్పు. ఈ-టైప్ మధ్యభాగం రేకులతో కట్టిన పెట్టె. తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ లోపలినుంచి తుప్పుపడితే దాని బలమే పోతుంది. పాత తుప్పు మీద కొత్త రేకు అతికి, పుట్టీ పెట్టి, రంగు కొడితే మొదటి ఏడాది ఏమీ తెలియదు. రెండు మూడు చలికాలాలు గడిచాక రంగు కింద బుడగలు లేస్తాయి. పదేళ్ళ తరవాత కూడా సిల్ అంచు శుభ్రంగా ఉన్న బండి ఆ పరీక్షలో నెగ్గినట్టే. కొత్తదానికి ఆ పరీక్ష మనమే పెట్టాలి: పలుచని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని సిల్ వెంట జరుపుతూ ఎక్కడ పట్టు వదులుతుందో చూడాలి (వదిలినచోట రంగు కింద పుట్టీ ఉండవచ్చు), కింది అంచును వేలితో తడిమితే స్పాట్ వెల్డింగ్ (రేకులను చుక్కలు చుక్కలుగా అతకడం) గుంటలు వరుసగా తగలాలి. బాడీ అతుకుల్లో కర్మాగారంలోనే సీసం నింపేవారు కనుక అక్కడ అయస్కాంతం జారినా కంగారు పడనక్కరలేదు.

వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాక, ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌ను ఆనుకుని ఉంటాయి. ఆయిల్ సీలు కారితే తడిసేవి అవే. సరిగ్గా బాగుచేయాలంటే మొత్తం వెనక సస్పెన్షన్‌ను కిందికి దించాల్సి వస్తుంది. పట్టుమని వంద మైళ్ళు తిరగని బండిలో ఈ లోపం ఇంకా బయటపడి ఉండదు.

కాగితాల విషయంలోనూ పాతదే ముందుంటుంది. 40 ఏళ్ళు దాటిన బండ్లకు రోడ్డుమీద తిరగడానికి పనికొస్తాయో లేదో చూసేందుకు ఏటా చేయించే ఎం.ఓ.టి. పరీక్ష నుంచి 2018 మేలో బ్రిటన్ మినహాయింపునిచ్చింది. అంతకుముందే బాగై రోడ్డెక్కిన బండి ఏ ఏడు ఎన్ని మైళ్ళు తిరిగిందో, పరీక్షలో ఏం తప్పుపట్టారో నంబరు కొడితే ప్రభుత్వ వెబ్‌సైటులో కనిపిస్తుంది. జాగ్వార్ పాత తయారీ రికార్డులను భద్రపరిచే జాగ్వార్ డెయిమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే ధ్రువపత్రం మాత్రం రెండింటికీ అడగాల్సిందే. అందులోని ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లను బండి మీది నంబర్లతో సరిచూడాలి. అమెరికాకు పంపిన ఎడమ స్టీరింగ్ బండిని తిరిగి తెచ్చి కుడివైపుకు మార్చి ఉంటే ఆ సంగతీ దానివల్ల బయటపడుతుంది.

పాతదానిలో లోపాలు లేవని కాదు. టైర్లు అరగకపోయినా వయసు మీరి ఉంటాయి, రబ్బరు గొట్టాలు గట్టిపడి ఉంటాయి, బానెట్ ముందు రాళ్ళ దెబ్బలకు రంగు అక్కడక్కడ లేచి ఉంటుంది. ఇవన్నీ కంటికి కనిపించే ఖర్చులు, బేరంలో తగ్గించి అడగదగినవి. బండిని వట్టి రేకుదాకా విప్పిన నాటినుంచి తీసిన ఫొటోలు, ప్రతి బిల్లూ ఫైలులో ఉంటే తాజా బండినైనా కొనవచ్చు. ఫొటోలన్నీ రంగు వేశాక తీసినవే అయితే దాని జోలికి పోకపోవడం మంచిది.