గెయిన్ తిప్పక్కర్లేని రికార్డర్: ఏడాదిన్నర హార్బరులో వాడాక

ఈ చిన్న రికార్డర్ అంటే నాకు చాలా ఇష్టం. కారణం ఒక్కటే, దీనికి గెయిన్ నాబ్ లేదు. చప్పుడు పెరిగితే తగ్గించడానికి, తగ్గితే పెంచడానికి తిప్పాల్సిన చక్రమేదీ దీనిమీద లేదు. ఎర్ర బటన్ నొక్కి ఒక పక్కన పెట్టేస్తే చాలు. కంపెనీ పేరు రాయడం లేదు. 32-బిట్ ఫ్లోట్‌లో, అంటే గుసగుసనీ కేకనీ ఒకే ఫైల్లో పట్టే పద్ధతిలో రికార్డ్ చేసే, జేబులో పట్టే రికార్డర్లు ఇప్పుడు వేర్వేరు కంపెనీలవి దొరుకుతున్నాయి. నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు వాటన్నిటికీ వర్తిస్తాయి. సైజు, బరువు, మెమరీ కార్డు ఎంతవరకు తీసుకుంటుంది లాంటివి ఎక్కడైనా ఉంటాయి, వాటి జోలికి పోను.

నేను స్టిల్ ఫోటోగ్రాఫర్‌ని. ఇల్లు గడిచేది పెళ్లి ఫోటోలతో. మనసుకు నచ్చి తీసుకునేవి విశాఖ ఫిషింగ్ హార్బరు ఫోటోలు. పదకొండేళ్లుగా వారానికి ఒకటి రెండు తెల్లవారుజాములు అక్కడే. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో మంటలు లేచి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. మర్నాడు పొద్దున్న నేను అక్కడే ఉన్నాను. నల్లగా మాడిన బోటు ముందు నిలబడి దాని యజమాని ఎవరితోనో కాదు, ఆ బోటుతోనే మాట్లాడుతున్నాడు. ఫోటో తీశాను. మంచి ఫోటోనే. కానీ అందులో ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంటుంది, అంతే. ఏమన్నాడో చూసినవాళ్లకి తెలియదు. ఇప్పుడు నాకూ సరిగ్గా గుర్తులేదు. ఆ బాధతోనే శబ్దం సంగతి నేర్చుకోవాలనుకున్నాను. 2024 దీపావళికి ఇది కొన్నాను.

కెమెరాలోనే వీడియో ఉంది కదా, రికార్డర్ దేనికి అని మా తమ్ముడు అడిగాడు. నిజమే, 2008లో నికాన్ డి90, ఆ తర్వాత కెనాన్ 5డి మార్క్ 2 వచ్చినప్పటినుంచి మా స్టిల్ కెమెరాల్లో వీడియో ఉంది. కానీ కెమెరా మైకు పట్టేది ఎక్కువగా నా వేళ్ల చప్పుడు, లెన్స్ ఫోకస్ వెతుక్కునే గరగర. పైగా సౌండ్‌ని ఆటోమేటిక్‌లో పెడితే, ఎదుటి మనిషి మాట మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునేలోపు కెమెరా సౌండ్ పెంచేస్తుంది, ఆ ఖాళీ అంతా బుస్సుమని నిండిపోతుంది. మనిషి మౌనంగా ఉన్న క్షణం కథలో ఎంత విలువైనదో ఫోటో తీసేవాళ్లకి చెప్పక్కర్లేదు. దాన్నే పాడుచేస్తుంది.

అంతకుముందు ఒక స్నేహితుడి పాత రికార్డర్ కొన్నాళ్లు వాడాను. దానికి నాబ్ ఉండేది. నేను ఒంటరిగా పనిచేస్తాను, నా రెండు చేతులూ కెమెరా మీదే ఉంటాయి. మూడో చెయ్యి లేదు. మాటలకి సరిపడా పెడితే ఐసు మర మొదలవగానే శబ్దం పగిలిపోయేది, మరకి సరిపడా తగ్గిస్తే మాటలు బావిలోంచి వచ్చినట్టుండేవి. పగిలిన శబ్దం ఎండలో తెల్లబారిపోయిన ఆకాశం లాంటిది, తర్వాత ఎంత చీకటి చేసినా మేఘాలు తిరిగి రావు. 32-బిట్ ఫ్లోట్ సంగతి వేరు. ఈ రకం రికార్డర్లలో శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు సాధారణంగా రెండు ఉంటాయి, ఒకటి గుసగుసల్ని చూసుకుంటే ఇంకోటి కేకల్ని చూసుకుంటుంది. ఫైల్లో రెండింటికీ చోటుంటుంది. వెలుగు తర్వాత సరిచేసుకునే వీలున్న కెమెరా రా ఫైలుకి అలవాటుపడ్డవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

కొన్న నెలకి జరిగిన సంగతి చెప్తాను. తెల్లవారుజామున ఐదు దాటింది. బోట్లు దిగుతున్నాయి, కోనాం, వంజరం, కానాగంతలు కుప్పలు పోస్తున్నారు, వేలం మొదలైంది. బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద బుల్లి ట్రైపాడ్ పెట్టి, దానిమీద రికార్డర్ బిగించి, నేను నాలుగడుగులు వెనక్కొచ్చి ఫోటోలు తీసుకుంటున్నాను. ఉన్నట్టుండి పక్కనే ఒక బోటు హారన్ కొట్టింది. నా గుండె జల్లుమంది. ఈ పూట రికార్డింగు పోయిందనుకున్నాను. ఇంటికొచ్చి ఫైలు తెరిస్తే సరిగ్గా అలాగే ఉంది, హారన్ ఉన్నచోట తరంగం గోడ కట్టినట్టు నిలబడి ఉంది. ఇరవై డెసిబెల్స్ కిందికి లాగాను. గోడ కరిగి, హారన్ మొత్తం గుండ్రంగా, నిండుగా బయటికొచ్చింది. అది మొదలై ఆగేవరకూ ఎక్కడా చిరగలేదు.

అసలు ఆశ్చర్యం దాని తర్వాత ఉంది. హారన్ ఆగాక అందరూ ఒక్క క్షణం మాట ఆపారు. ఆ క్షణాన్ని పైకి లాగి విన్నాను. ట్రేకి దగ్గరగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. వాళ్లలో ఒకామెని నేను ఏళ్ల తరబడి ఫోటో తీస్తున్నాను. పక్కామె చెవిలో నోరు పెట్టి, కళ్లు మాత్రం చేపల కుప్ప మీద ఉంచి మాట్లాడే ఆమె ఫోటో నా దగ్గర డజనుకు పైగా ఉంది. ఇంటి కబుర్లు చెప్పుకుంటున్నారనే నేను నమ్మాను, ఒక ఫోటో కింద అలాగే రాశాను కూడా. అవి కబుర్లు కావు. ధర ఎక్కడ ఆగాలో ఇద్దరూ లెక్క కట్టుకుంటున్నారు. ఆ ఫోటో అర్థమే మారిపోయింది. అలసిపోయి కూర్చున్న మనిషిగా ఇన్నాళ్లు చూపించిన ఆమె, ఆ గుంపులో అందరికంటే చురుగ్గా ఆలోచిస్తున్న మనిషి.

వేలం పాట అని ఎందుకంటామో కూడా నాకు అప్పుడే చెవికెక్కింది. పాడేవాడు అంకెని సాగదీసి, చివర కొంచెం పైకెత్తి వదులుతాడు. తర్వాతి అంకె వచ్చేవరకు ఆ రాగం గాల్లోనే ఉంటుంది. పదకొండేళ్లు ఆయన పక్కనే నిలబడి ఆయన గొంతు నరాలకి ఫోకస్ పెట్టాను కానీ, పాట వినలేదు.

పందొమ్మిది ఫోటోలు తీసుకుని, రెండు నిమిషాల నలభై సెకన్ల సౌండ్ మీద పరిచాను. ముందు సౌండ్ కోసుకోవడం, తర్వాత ఫోటోలు పేర్చడం. తిరగేసి చేస్తే ప్రతి ఫోటోకి ఒక చప్పుడు అతికించినట్టు ఉంటుందని రెండు వృథా ప్రయత్నాల తర్వాత తెలిసింది. టీ కొట్టు దగ్గర ఫోన్‌లో పెట్టి, హెడ్‌ఫోన్స్ ఇచ్చి ఆ గుసగుసలాడిన ఆమెకి వినిపించాను. "నా గొంతు ఇలాగుంటాదేటి బావూ" అని నవ్వింది. గుసగుస దగ్గరికి రాగానే నవ్వు ఆగిపోయింది. "ఆ ముక్క తీసీ బావూ. పాడీవోడు ఇంటే రేపట్నుంచి నాకు దిగడు" అంది. "సరే అప్పా, తీసేస్తాను" అని ఆమె ముందే తీసేశాను. ఆ మాట ఇక్కడా రాయడం లేదు. నా పనిలో నాకు దొరికిన అతి గొప్ప పదకొండు సెకన్లు ఎవరికీ వినిపించలేనివి.

అందుకే ఈ రికార్డర్‌ని మెచ్చుకునేటప్పుడు ఇప్పుడు కొంచెం ఆగుతున్నాను. కెమెరా ఎత్తితే ఎదుటివాళ్లకి తెలుస్తుంది, వద్దంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ట్రే మీద పెట్టిన ఈ నల్లటి పెట్టె ఎవరి కంటా పడదు. నాబ్ లేకపోవడం వల్ల మనమూ దాన్ని మర్చిపోతాం. ఇప్పుడు పెట్టేముందు చుట్టూ ఉన్నవాళ్లకి చూపించి, ఇది మాటలు పడుతుంది అని చెప్పి పెడుతున్నాను. మొదటి ఐదు నిమిషాలు బిగుసుకుని మాట్లాడతారు. తర్వాత చేపలు వస్తే అన్నీ మర్చిపోతారు.

"ఇక పగలడం అనేది లేదు" అని మొదట్లో చాలామందికి చెప్పాను. అది కూడా పూర్తిగా నిజం కాదు. పెదజాలరిపేట ఒడ్డున వల లాగే పాట ఒకటి రికార్డ్ చేశాను. ఎదురుగాలి. పెట్టెతో వచ్చిన స్పాంజి టోపీ పెట్టాను. ఇంటికొచ్చి ఎంత కిందికి లాగినా దబదబ అని గుడ్డ ఉతికిన చప్పుడే. గాలి మైకు పొరనే తన్నేస్తుంటే ఫైల్లో ఎన్ని బిట్లున్నా చేసేదేమీ లేదు. బొచ్చు తొడుగు, అదే డెడ్ క్యాట్ అంటారే, అది విడిగా కొనక తప్పలేదు. సముద్రం పక్కన ఉండేవాళ్లు రికార్డర్‌తోపాటు అదే రోజు అదీ కొనుక్కోవాలి. డప్పుల పక్కన మూరెడు దూరంలో పెట్టినప్పుడు కూడా పగిలింది, మైకుకీ ఒక హద్దుంది. దూరం కూడా అంతే. పదడుగుల అవతలి మాటని ఎంత పైకి లాగినా పదడుగుల అవతలి మాటలాగే ఉంటుంది. పోర్ట్రెయిట్‌కి ఎంత దగ్గరికి వెళ్తామో, గొంతుకీ అంత దగ్గరికి వెళ్లాలి.

ఇక నా కోపం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు హార్బరులో ఇంజిన్ మోగదు. సుత్తి దెబ్బలు, వెల్డింగు చిటపట, రంగులు వేసేవాళ్ల ఫోన్లలో పాటలు, అంతే. జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు కదులుతాయి. ముక్కుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఐసు నింపుకుని బయల్దేరతారు. రెండు నెలలు పడుకున్న ఇంజిన్లు ఒక్కొక్కటీ దగ్గినట్టు దగ్గి అందుకుంటాయి. ఒకటి, తర్వాత ఇంకొకటి, చూస్తుండగానే జెట్టీ అంతా. ఏడాదికి ఒక్కసారే వినిపించే ఆ చప్పుడు కోసం నేను ఏప్రిల్ నుంచి ఎదురుచూశాను. 2025లో ఆ రాత్రి పదకొండుకే వెళ్లి, ఒక సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, అనుమతి తీసుకుని బోటు మీద రికార్డర్ పెట్టాను. బ్యాటరీ గుర్తులో సగం పైనే ఉంది. రికార్డ్ నొక్కి జెట్టీ మీదకొచ్చి ఫోటోల్లో పడ్డాను.

బోటు కదిలేముందు తీసుకుందామని వెళ్తే తెర నల్లగా ఉంది. బ్యాటరీలు మార్చి చూస్తే ఫైలు ఉంది, సైజు సున్నా. ఆపే బటన్ నొక్కితేనే ఫైలు సరిగ్గా మూసుకుంటుందట, మధ్యలో కరెంటు పోతే తల లేని మొండెంలా కార్డులో పడి ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మూడు రోజులు కుస్తీ పట్టాను. పదకొండున్నర ప్రాంతంలోని తొమ్మిది నిమిషాలు దొరికాయి, సరంగు ఎవరినో ఐసు లెక్క అడుగుతున్నాడు. ఇంజిన్ల చప్పుడు ఒక్క సెకను కూడా రాలేదు. ఆ రాత్రి ఫోటోలు నా జీవితంలో మంచివాటిలో కొన్ని. అవి మూగగా ఉన్నాయి.

తర్వాత తేలిందేమిటంటే, అంతకు వారం ముందు ఫర్మ్‌వేర్, అంటే రికార్డర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేశాను. దాంతో సెట్టింగులన్నీ మొదటికొచ్చి, బ్యాటరీ రకం ఆల్కలైన్‌కి మారిపోయింది. నేను వాడేవి రీచార్జబుల్. అవి 1.2 వోల్టుల దగ్గర చాలాసేపు నిలకడగా ఉండి, చివర్లో ఒక్కసారిగా కూలిపోతాయి. తప్పు రకం పెట్టి ఉంటే గుర్తు సగం దగ్గరే కూర్చుని చివరిదాకా కదలదు. కంపెనీకి రాస్తే బ్యాటరీ రకం సరిచూసుకోమని రెండు లైన్ల జవాబు వచ్చింది. మనిషి చేతి పొరపాటు లేకుండా చేయాలని నాబ్‌నే తీసేసినవాళ్లు, ఒక రాత్రంతా పోగొట్టగల ఈ సెట్టింగుని మెనూలో మూడు మెట్ల కింద ఎందుకు దాచారో నాకు అర్థం కాదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఇప్పుడు బయటికెళ్లిన ప్రతిసారీ పవర్ బ్యాంక్ తగిలించి పెడుతున్నాను, పది పదిహేను నిమిషాలకోసారి ఆపి మళ్లీ మొదలుపెడుతున్నాను. అంటే పక్కన పెట్టి మర్చిపోవచ్చన్న ఆ సుఖం సగం పోయినట్టే.

వీడియో సంగతి తక్కువే చెప్తాను, నేనింకా నేర్చుకుంటున్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెడితే హార్బరు లైట్ల కింద మినుకు రాదు. స్టిల్ అలవాటులో షట్టర్ 500లో ఉంచేసి తీసిన నా మొదటి వీడియోల్లో వలలు కుదుపులు కుదుపులుగా కదిలేవి. రికార్డర్ గడియారం, కెమెరా గడియారం కచ్చితంగా కలవవు. అరగంట ఇంటర్వ్యూ తీస్తే చివరికి పెదాలకీ మాటకీ కొంచెం తేడా వస్తుంది. ముక్కలుగా తీసి, ప్రతి ముక్క ముందు చప్పట్లు కొట్టడమే నేను చేస్తున్నది. గంట స్టీరియో రికార్డింగు 32-బిట్ ఫ్లోట్, 48 కిలోహెర్ట్జ్‌లో దాదాపు 1.4 జీబీ అవుతుంది, 24-బిట్‌లో అయితే 1 జీబీ చిల్లర. ఫోన్‌లో ఎడిట్ చేసుకునేవాళ్లు మాత్రం తమ యాప్ 32-బిట్ ఫ్లోట్ ఫైళ్లు తెరుస్తుందో లేదో ముందే చూసుకోవాలి. నా ఫోన్‌లో ఉన్నది తెరవలేదు.

కొనమంటారా అని అడిగితే, నాలాగా ఒంటరిగా, ఎప్పుడు ఏ చప్పుడు వస్తుందో తెలియని చోట ఫోటోలు తీసేవాళ్లయితే కొనమంటాను. నాకు హార్బరు ఉంది, తెల్లవారుజామున లేచే అలవాటుంది, ఇంటికొచ్చి గంటలకొద్దీ విని కోసుకునే ఓపిక ఉంది. పెళ్లిళ్లలో వీడియో టీము వేరే ఉంటుంది కాబట్టి అక్కడ దీన్ని ఒక్కసారే వాడాను, అప్పగింతలప్పుడు. బాగా వచ్చింది కానీ దానికోసమే కొనాల్సిన వస్తువు కాదు. మీరు ఎక్కువగా మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించే పని చేస్తుంటే, ముందు కాలర్ మైకు కొనుక్కోవడం మంచిది. ఒక ఫోటోలో నోరు తెరిచిన మనిషిని చూసి ఏమన్నాడో అని మీకు ఎప్పుడూ అనిపించకపోతే, ఇది లేకపోయినా నష్టం లేదు.

ఇది రాస్తున్నది మే నెలలో. నిషేధం నడుస్తోంది, హార్బరులో సుత్తులు మోగుతున్నాయి. ఆ సరంగుని మొన్న కలిసి మళ్లీ అడిగాను. రమ్మన్నాడు. ఈసారి ఇంజిన్ పక్కనే పెట్టుకోమన్నాడు. బ్యాటరీ రకం సరిచూశాను, స్నేహితుడి నాబ్ ఉన్న పాత రికార్డర్‌ని కూడా అడిగి తెచ్చుకుని ఛార్జి పెట్టాను.