మార్గరెట్ రాణి వెంట: ఎడిన్‌బరో కోట నుంచి డన్‌ఫర్మ్లిన్ దాకా

స్కాట్లండు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది ఎడిన్‌బరో కోట ఎక్కి, శిఖరం మీది చిన్న ప్రార్థనామందిరం ముందు ఫొటో తీసుకొని దిగివస్తారు. ఆ మందిరం ఎవరి పేరున వెలసిందో ఆ మార్గరెట్ రాణిని తెలుసుకోవాలన్న కోరిక ఉన్నవారు కోటను ఒక పూటతో సరిపెట్టుకొని, ఫోర్త్ నదీముఖం అవతలనున్న డన్‌ఫర్మ్లిన్‌కు రోజంతా కేటాయించడం మేలని నా అభిప్రాయం.

మార్గరెట్ దాదాపు 1045లో హంగరీలో పుట్టింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ అక్కడ ప్రవాసంలో ఉన్న ఇంగ్లండు రాజకుమారుడు. 1057లో కుటుంబం ఇంగ్లండు చేరింది. 1066లో నార్మన్లు రాజ్యాన్ని ఆక్రమించాక, నిలువ నీడ లేక స్కాట్లండులో తలదాచుకుంది. అక్కడి రాజు మూడవ మాల్కం ఆమెను పెళ్ళాడాడు. అనాథ శిశువులకు స్వయంగా అన్నం తినిపించేదని, పేదల పాదాలు కడిగేదని ఆమె చరిత్ర రాసిన టర్గాట్ చెబుతాడు. ఆ చరిత్ర రాయించింది ఇంగ్లండు రాణి అయిన ఆమె కూతురు మెటిల్డా. కోటలోని మందిరం కట్టించింది కొడుకు మొదటి డేవిడ్. 1250లో పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించడానికి చాలా ముందే, ఆ కీర్తికి పునాది వేసింది కన్నబిడ్డలేనన్నమాట. ఈ సంగతి తెలిసి వెళితే ప్రతి కట్టడమూ వేరుగా కనిపిస్తుంది.

కోట టికెట్టు ఖరీదైనది. వేసవిలో ముందుగానే ఆన్‌లైన్‌లో వేళతో సహా కొనుక్కోవాలి. దారి రాళ్ళు పరిచిన ఎక్కుడు కాబట్టి, నడవలేని పెద్దవారు వెంట ఉంటే, అటువంటివారిని పైకి చేర్చే వాహనం గురించి ద్వారం దగ్గరే అడగడం మంచిది. మందిరం మన పల్లెల్లోని రామమందిరమంత ఉంటుంది. పాతిక మంది కూర్చుంటే నిండిపోతుంది. సుమారు 1130 నాటి ఈ కట్టడం నగరంలో నిలిచి ఉన్నవాటిలో అతి పురాతనమైనది. ఒకప్పుడు తుపాకిమందు దాచే గోదాముగా మారి మరుగున పడిపోగా, 1845లో డానియల్ విల్సన్ అనే పురావస్తు పరిశోధకుడు గుర్తించాడు. లోపల బల్ల మీద తాజా పూలు ఉంటాయి. మార్గరెట్ అని పేరున్న మహిళలు వంతులు వేసుకొని వాటిని అమరుస్తారని తెలిశాక, 1922లో బిగించిన రంగుటద్దాల కంటే ఆ పూలనే ఎక్కువసేపు చూశాను. అయితే వెనుక వరుస తోసుకొస్తూనే ఉంటుంది. తీరిగ్గా నిలబడాలంటే తలుపులు తీసిన వెంటనే వెళ్ళాలి.

బసకు నగరం నడిబొడ్డు కంటే సౌత్ క్వీన్స్‌ఫెర్రీ నాకు నచ్చింది. డన్‌ఫర్మ్లిన్ వెళ్ళే యాత్రికుల కోసం మార్గరెట్ నడిపించిన పడవల వల్లనే ఆ ఊరికి ఈ పేరు (రాణి రేవు అని) వచ్చింది. ఆ రేవు దాటింపు 1964లో రోడ్డు వంతెన తెరిచేదాకా సాగింది. మేము దిగిన అతిథిగృహం కిటికీలోంచి 1890 నాటి ఎర్రని రైలు వంతెన నిండుగా కనిపించేది. గది ఇరుకు, మెట్లు నిటారు, లిఫ్టు లేదు. శాకాహారులకు ఉదయం పూట రొట్టె, బీన్స్, పుట్టగొడుగులే గతి. మసూర్ పప్పుతో కాచే సూప్ అంతటా దొరుకుతుంది గాని, అందులో పంది ఎముకల రసం కలిపే అలవాటు అక్కడ ఉంది కనుక అడిగి తెలుసుకున్నాకే చెంచా పెట్టాలి.

దగ్గరలోని డాల్మెనీ స్టేషనులో రైలెక్కితే, ఆ వంతెన మీదుగానే డన్‌ఫర్మ్లిన్ చేరుకోవచ్చు. కొన్ని టూరు బస్సులు కూడా వస్తాయి. మేము మాట్లాడిన ఒక సంస్థ అక్కడి ముఖ్య కట్టడమైన మఠానికి ఇచ్చే సమయం టీ తాగడానికైనా చాలదని తేలి, మానుకున్నాము. మార్గరెట్ ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుంచి సన్యాసులను రప్పించి ఇక్కడ చర్చి కట్టించింది. 1128లో డేవిడ్ దాని స్థానంలోనే పెద్ద మఠాలయం మొదలుపెట్టాడు. దాని లావుపాటి స్తంభాల్లో కొన్నింటి మీద మెలికలు, వంకీలు చెక్కి ఉన్నాయి. అరచేయి ఆనిస్తే గాడి లోతు తెలుస్తుంది. తల్లి కట్టించిన పాత చర్చి గోడలు ఎక్కడిదాకా ఉండేవో నేలలో పొదిగిన ఇత్తడి గీతలు చూపుతాయి. ఆమె సమాధి మందిరం మాత్రం తూర్పున, ఆరుబయట మొండి పునాదిగా మిగిలింది. పదహారో శతాబ్దపు ప్రొటెస్టెంట్ మతసంస్కరణ కాలంలో అస్థికలు చెల్లాచెదురయ్యాయి. భుజపు ఎముక ముక్క ఒకటి ఆమె పేరిటే ఉన్న ఊరి క్యాథలిక్ చర్చిలో ఉంది. పక్క చర్చి గోపురం మీద స్కాట్లండు రాజు రాబర్ట్ ది బ్రూస్ పేరు రాతి అక్షరాలతో ఊరంతటికీ కనిపిస్తుంది, ఆమె పేరుకు అంత ఆర్భాటం లేదు.

ఆమె ఏకాంతంగా ప్రార్థించేదని చెప్పే గుహ ఒక కారు పార్కింగు కింద ఉంది. ఎనభైకి పైగా మెట్లు దిగాలి. చలి, తేమ, మసక వెలుతురు. మోకాళ్ళ నొప్పులున్నవారికి నేను సిఫారసు చేయను. ప్రవేశం ఉచితమే గాని, చలికాలంలో తెరవరు కనుక, ఆమె వర్ధంతి నవంబరు 16న వెళ్ళాలనుకునేవారు గుహను లెక్కలోంచి తీసివేసి, ఆ సమయాన్ని కూడా మఠానికే ఇచ్చుకోవచ్చు.