మ్యాక్‌లో విండోస్: రెండు గొంతులు, ఒకే కీబోర్డు

మ్యాక్‌బుక్‌లో వీఎంవేర్ ఫ్యూజన్ (మ్యాక్ లోపల ఇంకో కంప్యూటర్‌ను సృష్టించే ప్రోగ్రాం) పెట్టి, అందులో విండోస్ 11 నడుపుతూ, దాని లోపల తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ (NVDA)తో కొన్నేళ్లుగా ఉద్యోగం చేసుకుంటున్నాను. నాకు చూపు లేదు. తెర మీద ఏం జరుగుతోందో చెవితోనే తెలుసుకోవాలి. ఇలా లోపల నడిచే కంప్యూటర్, అంటే వర్చువల్ మెషీన్, ఎంత స్పీడుగా నడుస్తుందో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. స్క్రీన్ రీడర్‌తో రోజంతా కూర్చునేవాళ్లకు ముందు తెలియాల్సింది మాత్రం ఇది: నొక్కిన కీని ఎవరు అందుకుంటున్నారు, మ్యాకా, మ్యాక్ సొంత స్క్రీన్ రీడర్ వాయిస్ఓవరా, విండోసా, ఎన్‌వీడీఏనా? ఈ పంచాయతీ తేలితే మిగతాదంతా సాఫీగా నడుస్తుంది. తేలకపోతే ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ కొన్నా టెన్షనే.

మ్యాక్, విండోస్ రెండూ ఎందుకంటే, నా పని వెబ్‌సైట్లు పరీక్షించడం. సఫారీలో వాయిస్ఓవర్‌తో ఒకసారి, క్రోమ్‌లో ఎన్‌వీడీఏతో ఒకసారి ప్రతి పేజీనీ చూడాలి. ఒకదానిలో చక్కగా పలికిన బటన్ రెండోదానిలో పేరు లేకుండా ఉత్త "బటన్" అని వినిపించడం మాకు రోజూ ఉండేదే. అదీగాక పెద్ద ఎక్సెల్ షీట్లకూ, ట్రాక్ చేంజెస్ ఉన్న వర్డ్ ఫైళ్లకూ నా చేతికి ఎన్‌వీడీఏ అలవాటు. మన దగ్గర చూపులేని మిత్రుల్లో ఎక్కువమంది వాడేదీ విండోసే. ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, ఇక్కడ ఏం నొక్కాలి?" అంటే, అదే నా దగ్గరా తెరుచుకుని ఉంటేనే సరిగ్గా చెప్పగలను.

ఇంటెల్ మ్యాక్‌లలో బూట్‌క్యాంప్ ఉండేది. విండోస్‌ను నేరుగా నడుపుకునేవాళ్లం. 2020 నవంబరులో యాపిల్ సొంత చిప్పు ఎం1 వచ్చాక ఆ చిప్పుల మ్యాక్‌లలో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు వర్చువల్ మెషీనే గతి, అందులోనూ ఆర్మ్ విండోస్, అంటే ఆ రకం చిప్పుల కోసం చేసిన విండోస్. ఫ్యూజన్ 2024 నవంబరు నుంచి అందరికీ, ఆఫీసు పనికి కూడా, ఉచితం. దింపుకోవడానికి వీఎంవేర్ యజమాని బ్రాడ్‌కామ్ సైటులో ఖాతా తెరవాలి. విండోస్ లైసెన్సు విడిగా కొనుక్కోవాలి. ఎన్‌వీడీఏ సంగతి తెలిసిందే: చూపులేని ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన నాటి నుంచి పైసా అడగకుండా ఇస్తున్నారు. వాడుతున్నవాళ్లు వీలైనప్పుడు విరాళం పంపండి, ఆ పని అలాగే సాగాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. ఫ్యూజన్ మెనూలు, సెట్టింగులు వాయిస్ఓవర్ బాగానే చదువుతుంది. కానీ వర్చువల్ మెషీన్ కిటికీ లోపల ఉన్నది దానికి ఒక బొమ్మ మాత్రమే. అందులో అక్షరాలున్నాయని కూడా దానికి తెలియదు. లోపలి స్క్రీన్ రీడర్ మొదలయ్యేదాకా అంతా నిశ్శబ్దం. మొట్టమొదట వచ్చే "డిస్క్ నుంచి బూట్ కావడానికి ఏదైనా కీ నొక్కండి" అన్న మాటను ఎవరూ చదివిపెట్టరు. కాబట్టి మెషీన్ స్టార్ట్ చేయగానే కిటికీలో ఫోకస్ పెట్టి ఎంటర్ నొక్కుతూ ఉండాలి. సెటప్ తెర వచ్చాక కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్‌తోనే వచ్చే స్క్రీన్ రీడర్ నేరేటర్ పలుకుతుంది. అక్కడి నుంచి ఎవరి సాయమూ అక్కర్లేదు. మ్యాక్ కీబోర్డు మీద విండోస్ కీ అంటే కమాండ్ కీయే.

ఆ నిశ్శబ్దాన్ని దాటడానికి మ్యాక్‌లో వీఓసీఆర్ అనే ఉచిత యాప్ పెట్టుకోండి. కిటికీలో కనిపించే అక్షరాలను ఓసీఆర్ చేసి, అంటే బొమ్మలోంచి గుర్తుపట్టి, వినిపిస్తుంది. అప్‌డేట్ మధ్యలో ఆగిందా, నీలం తెర వచ్చిందా, పాస్‌వర్డ్ అడుగుతోందా అన్నది పక్కింటివాళ్లను పిలవకుండానే తెలిసిపోతుంది. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా ధైర్యాన్నిచ్చింది ఇదే.

విండోస్ 11కు టీపీఎం అనే భద్రతా చిప్పు కావాలి. ఫ్యూజన్ దాన్ని వర్చువల్‌గా ఇస్తుంది కానీ, అందుకోసం మెషీన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. అది ఎక్కడైనా భద్రంగా రాసుకోండి. పోతే మెషీన్ పోయినట్టే.

ఇక కీబోర్డు. ఎన్‌వీడీఏకు ఇన్సర్ట్ కీ గానీ క్యాప్స్ లాక్ గానీ కావాలి. మ్యాక్‌బుక్‌కు ఇన్సర్ట్ లేదు. క్యాప్స్ లాక్‌ను మ్యాక్ తన పద్ధతిలో పట్టుకుంటుంది కాబట్టి, నొక్కి పట్టుకున్నామన్న సంగతి లోపలికి సరిగా చేరదు. ఒకసారి పని చేస్తుంది, ఇంకోసారి అక్షరాలన్నీ పెద్దవైపోతాయి. నేను స్థిరపడిన పద్ధతి ఇది: విండోస్‌లో షార్ప్‌కీస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో కుడి కమాండ్‌ను, అంటే విండోస్ లెక్కలో కుడి విండోస్ కీని, ఇన్సర్ట్‌గా మార్చాను. కుడి ఆప్షన్‌ను అప్లికేషన్స్ కీగా మార్చాను, రైట్ క్లిక్ మెనూ కోసం. ఈ ప్రోగ్రాం విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక్క మార్పు చేసి ఊరుకుంటుంది. మళ్లీ స్టార్ట్ చేశాక ఇక దాని అవసరం లేదు. ఎన్‌వీడీఏలో ల్యాప్‌టాప్ లేఅవుట్ ఎంచుకోవాలి. మ్యాక్ సెట్టింగుల్లో ఎఫ్1, ఎఫ్2 వగైరాలను మామూలు ఫంక్షన్ కీలుగా పెట్టుకోవాలి. లేకపోతే ఎలిమెంట్స్ లిస్టు (పేజీలోని లింకులు, హెడింగుల జాబితా) కోసం ఎఫ్7 నొక్కిన ప్రతిసారీ ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి.

తర్వాతిది వాయిస్ఓవర్‌తో తగువు. దానికి కంట్రోల్, ఆప్షన్ జంట సొంతం. ఎన్‌వీడీఏను స్టార్ట్ చేసే షార్ట్‌కట్ కంట్రోల్, ఆల్ట్, ఎన్. మ్యాక్ మీద ఆల్ట్ అంటే ఆప్షనే. అంటే వాయిస్ఓవర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ షార్ట్‌కట్‌ను అది మధ్యలోనే తీసేసుకుంటుంది. ఎన్‌వీడీఏ ఎప్పుడైనా మూగబోతే ఆ మూడు కీల కోసం తంటాలు పడొద్దు. విండోస్ కీతో ఆర్ నొక్కి, రన్ పెట్టెలో ఎన్‌వీడీఏ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ చేస్తే సరి. విండోస్‌లో ఎక్కువసేపు పని ఉన్నప్పుడు నేను వాయిస్ఓవర్‌ను కమాండ్, ఎఫ్5తో ఆపేస్తాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఏ ముక్కా చెవికెక్కదు.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఇంకొకటి. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, 11లోనూ ఉంది. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్. మ్యాక్ మీద అది కమాండ్, స్పేస్ అవుతుంది. తెలుగు రావాల్సిన చోట మ్యాక్ వెతుకులాట పెట్టె స్పాట్‌లైట్ ఊడిపడుతుంది. ఫ్యూజన్ సెట్టింగుల్లో కీబోర్డు ప్రొఫైల్‌లోకి వెళ్లి మ్యాక్ హోస్ట్ షార్ట్‌కట్స్ టిక్కు తీసేయాలి. అప్పటి నుంచి కమాండ్, ట్యాబ్ లాంటివి కూడా విండోస్‌కే పోతాయి కాబట్టి, మ్యాక్‌లోకి తిరిగి రావాలంటే ముందు కంట్రోల్, కమాండ్ కలిపి నొక్కి వదలాలి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది గానీ, వేళ్లకు అలవాటైతే ఏ క్షణాన ఎక్కడున్నామో గందరగోళం ఉండదు. ఈ ఒక్క సెట్టింగు కోసం ఎంత సమయం పెట్టినా దండగ కాదు.

గొంతు విషయానికొస్తే, ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే గొంతులో తెలుగు ఉంది. వినసొంపుగా ఉండదు, నిజమే. కానీ వేగం బాగా పెంచినా అక్షరం మింగదు, కీ నొక్కగానే అందుకుంటుంది. వర్చువల్ మెషీన్‌లో శబ్దం ఎలాగూ మామూలు కంప్యూటర్‌లో కన్నా రవ్వంత ఆలస్యంగా వస్తుంది. దానికి బ్లూటూత్ ఆలస్యం కూడా కలిస్తే బాణం కీతో వరుసలు దిగేటప్పుడు చెవి వెనకబడిపోతుంది. అందుకే నేను వైరున్న ఇయర్‌ఫోన్లే వాడతాను. పాత డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు ఫైళ్లు మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే గోల. లోపల ఉన్నది తెలుగు యూనికోడ్ కాదు, వేరే గుర్తుల కోడ్లు. కన్వర్టర్‌తో మార్చుకుంటే తప్ప ఏ స్క్రీన్ రీడరూ చదవలేదు. ఇంకా అలాంటి ఫైళ్లు పంపేవాళ్లు దయచేసి యూనికోడ్‌లోకి మారండి. మీ ఉత్తరం మాకు ఉత్తరంలాగే అందాలి.

స్నాప్‌షాట్ల (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచి పెట్టుకునే కాపీల) గురించి ఎంత చెప్పినా తక్కువే. పెద్ద అప్‌డేట్‌కు ముందో, ఎన్‌వీడీఏలో కొత్త యాడ్ఆన్ వేసే ముందో ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే, ఏది చెడినా వెనక్కి వెళ్లిపోవచ్చు. చూపున్నవాళ్లకు శబ్దం పోతే చిన్న ఇబ్బంది. మాకు శబ్దం పోతే కంప్యూటరే పోయినట్టు. ఒక అప్‌డేట్ తర్వాత లోపలి నుంచి చప్పుడు ఆగిపోయిన రోజున, డ్రైవర్లతో కుస్తీ పట్టకుండా కాఫీ తాగేలోపు పాత స్థితికి వచ్చేశాను. అలాగే ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో సైన్ ఇన్ తెర మీద కూడా మాట్లాడేలా పెట్టుకోవడం మరవకండి.

మెమరీ 8 జీబీ ఉన్న మ్యాక్‌లో ఇది నడుస్తుంది గానీ, రెండు వైపులా బ్రౌజర్ తెరిచాక స్క్రీన్ రీడర్ నసుగుతుంది. 16 ఉంటే విండోస్‌కు 6 ఇచ్చి నిశ్చింతగా ఉండొచ్చు. బ్యాటరీ మటుకు గబగబా దిగుతుంది.

మామూలు విండోస్ ప్రోగ్రాములు ఎక్కువ భాగం ఆర్మ్ విండోస్ మీద ఎమ్యులేషన్‌తో, అంటే వేరే రకం చిప్పును అనుకరిస్తూ, నడిచిపోతాయి. డ్రైవర్లు అలా కాదు, అవి ఆర్మ్ కోసమే తయారై ఉండాలి. టెండర్లకూ, జీఎస్టీకీ యూఎస్‌బీ టోకెన్‌తో డిజిటల్ సంతకం పెట్టేవాళ్లు, తమ టోకెన్‌కు ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో అమ్మినవాళ్లను ముందే అడగాలి. లేదంటే ఆ ఒక్క పని కోసం పాత విండోస్ ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంచుకోండి, అమ్మేయకండి.