రాతి కట్ట మేస్త్రీ పని: అయిదుకు నాలుగు

మా చేను నారాయణవనం పక్క గుట్ట వాలులో ఉంది. తాత కట్టిన మెట్ల కయ్యలు అయిదు. పైన చెనిక్కాయ, కింద మామిడి. 2021 నవంబరు వానలకు, అదే రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించిన వానలకు, మూడో కయ్య కట్ట అరవై అడుగులు జారిపోయింది.

తొందరపడి జేసీబీని పిలిచాను. గంటకు 1,200, ఏడు గంటలు. మట్టి ఎత్తిపోసి, బకెట్‌తో నాలుగు తట్లు తట్టి వెళ్ళిపోయాడు. చూడ్డానికి భలే నున్నగా ఉండింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చిన మరునాడు చూస్తే ఆ మట్టంతా మామిడి మొదళ్ళలో ఉంది.

దాంతో 2024 ఎండాకాలంలో ఈ మేస్త్రీని పట్టుకున్నాను. పట్టుకోవడానికే మూడు వారాలు! ఫోన్ ఎత్తడు, ఎత్తితే "రేపొస్తా సామీ". ఫోన్‌పే లేదు. మిగిలిన రాళ్ళు బండిదారిలోనే కుప్పేసి పోయాడు. ఒక మార్కు అందుకే కోత.

పని మాత్రం పనే. ప్రతి రాయినీ రెండు మూడు సార్లు తిప్పి చూసి, పొడుగు కొస మట్టిలోకి పోయేట్టు పెట్టాడు. కట్ట కాస్త గుట్టవైపు ఒరిగి ఉంటుంది. వెనక చిల్లరాళ్ళు కూరాడు. సిమెంటు వేద్దామంటే నవ్వాడు. "నీళ్ళు పోనీయల్ల సామీ, ఆపితే కట్టనే తోస్తాయి." ఆరు రోజులకు కూలీలతో కలిపి 14,400.

ఆయన అన్నది నిజమే. నెలల తరబడి ఎండకు గట్టు నెర్రెలిస్తుంది. ఆపైన కుండపోత. నీళ్ళు నెర్రెల్లో దిగి లోపలినుంచి నెడతాయి. ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో వరి మెట్లకూ ఇదే తంటా. 1995లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ మెట్లు 2001 నుంచి 2012 దాకా ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో గడిపాయి. కట్టలు చూసుకోవాల్సిన కుర్రాళ్ళు పట్నాలకు పోవడం అక్కడ ఇంకో కారణం. తిరుపతిలో అద్దింట్లో కూర్చుని ఇది రాస్తున్న నేను వాళ్ళనేమంటాను!

ఫెంగల్ తుపాను వానకు గొడుగేసుకుని పోయి చూశాను. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు తేటగా కారుతున్నాయి, మట్టి కదల్లేదు. మడవ దగ్గర ఒక్క రాయి ఊడింది, అంతే.

పై రెండు కయ్యలకూ చెప్పాను. సంక్రాంతి తర్వాత వస్తానన్నాడు. ఏ సంక్రాంతో అడగలేదు.