మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో కాంటూర్ మ్యాపులు: ఆరేళ్ళు వాడాక

పైథాన్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ పెట్టుకుని వాన, ఎండ కాంటూర్ మ్యాపులు, అంటే ఒకే విలువ ఉన్న చోట్లని గీతలతో కలిపే మ్యాపులు, గీయడం మొదలుపెట్టి ఆరేళ్ళు దాటింది. భారత వాతావరణ శాఖ ఇచ్చే గ్రిడ్ డేటాయే, అంటే మ్యాపుని గడులుగా కోసి గడికో విలువ ఇచ్చే పట్టికే, నా ముడిసరుకు. వానది పావు డిగ్రీ గ్రిడ్, అడ్డంగా 135 గడులు, నిలువుగా 129. ఉష్ణోగ్రతది ఒక డిగ్రీ గ్రిడ్, 31 బై 31. ఈ అంకెలు ఎందుకంటే, నా పరువు పోయింది వీటి దగ్గరే.

కాంటూర్ ఫంక్షన్‌కి ఇచ్చే పట్టికలో అడ్డ వరుసలు అక్షాంశాలు, నిలువు వరుసలు రేఖాంశాలు కావాలి. నేను తిరగేసి ఇచ్చాను. వాన డేటాతో అలా చేస్తే పొడవులు కుదరక వెంటనే ఎర్రర్ వస్తుంది. ఉష్ణోగ్రతది చదరపు గ్రిడ్ కదా, కిమ్మనకుండా గీసేసింది. హైదరాబాద్ దగ్గర విలువ సరిచూశాను, బాగానే ఉంది. ఎందుకుండదు? ఈ గ్రిడ్‌లో హైదరాబాద్ దాదాపు కర్ణం (మూల నుంచి ఎదురు మూలకి పోయే గీత) మీదే ఉంది, తిరగేసినా పక్క గడికే పోతుంది. మే నెల మ్యాపు చూసిన శ్రీకాకుళం మిత్రుడు మాత్రం "ఏట్రా బాబూ, మా ఊరికి ఇంతెండ ఎప్పుడొచ్చింది?" అన్నాడు. లెక్క కట్టి చూస్తే, శ్రీకాకుళం మీద పడింది మధ్యప్రదేశ్‌లో సాగర్ దగ్గరి ఎండ! అప్పటినుంచి కర్ణానికి దూరంగా ఉన్న ఊరితోనే సరిచూస్తున్నాను. తీరరేఖ లేకుండా మ్యాపు బయటికి పంపను.

సముద్రం మీద డేటా లేని గడుల్లో వానకి మైనస్ 999, ఉష్ణోగ్రతకి 99.9 ఉంటాయి. వాటిని ముందే నాన్‌గా (ఇక్కడ విలువ లేదు అనే గుర్తు) మార్చకపోతే తీరం పొడవునా గీతలు ముద్దకట్టి, మచిలీపట్నం పక్కన అగ్నిపర్వతం ఉన్నట్టు కనిపిస్తుంది. మార్చితే ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది, ఆ పని మాత్రం శుభ్రంగా చేస్తుంది.

అసలు టెన్షన్ లెవెల్స్‌తో, అంటే ఏ విలువల దగ్గర గీత గీయాలి, రంగు మార్చాలి అనే హద్దులతో. మనం చెప్పకపోతే డేటాని బట్టి తనే ఎంచుకుంటుంది. జులై మ్యాపులో 20 మిల్లీమీటర్లకున్న రంగు ఆగస్టు మ్యాపులో 50కి వస్తుంది, పక్కపక్కన పెడితే ఏమీ పోల్చలేం. అందుకే రోజువారీ వానకి వాతావరణ శాఖ వాన వర్గాల హద్దులనే మిల్లీమీటర్లలో పెడతాను: 2.5, 15.6, 64.5, 115.6, 204.5. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. రంగులు నింపే కాంటూర్ఎఫ్, పై హద్దు దాటిన చోట ఏ రంగూ వేయదు. అంటే అన్నిటికన్నా కుండపోత పడిన చోటే తెల్లగా మిగిలిపోతుంది! ఎక్స్‌టెండ్ అనే ఆప్షన్‌కి మ్యాక్స్ అని ఇస్తే సరిపోతుంది. ఇది మొదటినుంచే ఆన్‌లో ఉండాలని నా వాదన.

మిగతావి చిల్లర గొడవలు. పీడీఎఫ్‌లో రంగుల మధ్య సన్నటి తెల్ల గీతలొస్తాయి, అంచు రంగుని ఫేస్ (లోపలి రంగే) అని పెడితే పోతాయి. గీతల మీద అంకెలు వేసే సి-లేబుల్ ఒక్కోసారి అంకెని జిల్లా పేరు మీదే కూర్చోబెడుతుంది, నేను చేత్తో స్థానాలిస్తాను. 3.8 వెర్షన్‌లో కాంటూర్ గీతలన్నీ విడివిడిగా కాక ఒకే కలెక్షన్ (ఒకే మూట) అయ్యాయి, దాంతో నా పాత స్క్రిప్టులు ఒక వారాంతాన్ని తినేశాయి. వేగం గురించి మాత్రం ఒక్క ఫిర్యాదూ లేదు.

ఆఫీసులో ఎప్పుడూ వచ్చే కోరిక ఒకటే: గీతలు నున్నగా ఉండాలి. ఈ లైబ్రరీ రెండు గ్రిడ్ బిందువుల మధ్య సరళరేఖ లెక్కే వేస్తుంది కాబట్టి మూలలు కనిపిస్తాయి. సైపై అనే ఇంకో పైథాన్ లైబ్రరీతో క్యూబిక్‌గా (సరళరేఖ బదులు వంపు లెక్కతో) సాగదీస్తే నున్నగానే వచ్చాయి, కాకపోతే కుండపోత పడిన చోటి పక్కనే మైనస్ వాన కూడా కురిసింది. ఇప్పుడు గ్రిడ్ బిందువుల్ని చుక్కలుగా మ్యాపు మీదే వేసి ఇస్తున్నాను. ఉష్ణోగ్రత మ్యాపులో చుక్కకీ చుక్కకీ మధ్య నూరు కిలోమీటర్ల పైమాటే. అది చూశాక మా మండలంలో ఎంత అని అడిగేవాళ్ళు తగ్గారు.