సీ నిండింది, డీలో ఖాళీ ఉంది: డీని జరపడమా, తీసేసి మళ్లీ చేయడమా?

"సీ డ్రైవ్ గీత ఎర్రగా అయిపోయింది. డీలో 200 జీబీ ఖాళీగా పడి ఉంది. డేటా పోకుండా అందులోంచి కొంత సీకి ఇవ్వడం ఎలా?" పార్టిషన్ల గురించి, అంటే ఒకే డిస్క్‌ని విడదీసిన సీ, డీ లాంటి భాగాల గురించి, నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఈమధ్య మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కీ ఇదే అవస్థ వచ్చింది కాబట్టి ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

చిక్కు ఎక్కడుందంటే, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీని ష్రింక్ చేస్తే, అంటే కుదిస్తే, వచ్చే ఖాళీ డీకి కుడివైపున వస్తుంది. సీ పెరగాలంటే ఆ ఖాళీ సీని ఆనుకుని ఉండాలి. మధ్యలో డీ అడ్డం. అందుకే సీని పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఆప్షన్ మసగ్గా ఉండిపోతుంది, ఎంత నొక్కినా పలకదు.

దీనికి దారులు రెండు. ఒకటి, పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ అనే టూల్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీని కుదించి కుడికి జరపడం. రెండోది, డీలో ఉన్నదంతా బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, డీని డిలీట్ చేసి, సీని పెంచి, మిగిలిన చోట కొత్త డీ చేసుకోవడం.

వినగానే అందరికీ రెండోదంటేనే భయం. డిలీట్ అన్న మాట అలాంటిది మరి. మొదటిదాంట్లో మౌస్‌తో ఒక పెట్టెను పక్కకి లాగడమే కదా, అందులో పోయేదేముంది అనిపిస్తుంది. నా లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నేను చూసేది ఒక్కటే: ఆ పని జరుగుతున్నప్పుడు డిస్క్ మీద నిజంగా కదిలేది ఎంత?

పార్టిషన్‌ని డిలీట్ చేస్తే కదిలేది ఏమీ లేదు. ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసి ఉంచే పట్టిక ఒకటి డిస్క్‌లో ఉంటుంది. ఇప్పటి జీపీటీ పద్ధతి పట్టికలో ఒక్కో పార్టిషన్ వివరం మామూలుగా 128 బైట్ల ఎంట్రీ, పాత ఎంబీఆర్ పద్ధతిలోనైతే 16 బైట్లే. పోయేది ఆ ఎంట్రీయే, ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. మామూలు హార్డ్‌డిస్క్‌లో పొరపాటున ఇంకో పార్టిషన్ డిలీట్ చేసినా, దాని మీద ఏమీ రాయకుండా ఆగితే టెస్ట్‌డిస్క్ లాంటి రికవరీ టూల్‌తో చాలాసార్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫార్మాట్ కొట్టాక మాత్రం కథ వేరు. ముఖ్యంగా ఎస్‌ఎస్‌డీ అయితే, ఫార్మాట్‌తో పాటే విండోస్ ట్రిమ్ ఆదేశం, అంటే ఆ చోటులోని డేటా ఇక అక్కర్లేదన్న కబురు, కూడా పంపేస్తుంది. ఇక ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

కుడి అంచును వెనక్కి తేవడం, అంటే ష్రింక్, కూడా ఫర్వాలేదు. పార్టిషన్ మొదలు మారదు. చివర్లో ఉన్న ఫైళ్లు మాత్రం ఇవతలికి వస్తాయి.

జరపడం అలా కాదు. మొదలే మారుతుంది కాబట్టి లోపలి సరుకంతా కొత్త చోటికి వెళ్లాలి. 300 జీబీ పార్టిషన్‌ని 100 జీబీ కుడికి జరుపుతున్నారనుకోండి. పాత చోటు, కొత్త చోటు 200 జీబీ మేర ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకని చివరి నుంచి మొదలుపెట్టి, పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ రావాలి. మధ్యలో కరెంటు పోతే సగం పాత చోట, సగం కొత్త చోట. విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి జర్నల్, అంటే మధ్యలో ఆగిన మార్పుల్ని సరిచేసుకునే చిట్టా, ఉంది కదా అంటారేమో. ఆ జర్నల్ కూడా కదిలే సరుకులోనే ఉంది.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ల క్రితం, ఛార్జర్ పిన్ లూజుగా ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇలాగే ఒక పార్టిషన్ జరపడానికి పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి స్క్రీన్ నల్లగా ఉంది. పిన్ ఊడింది, బ్యాటరీ అయిపోయింది. ఆన్ చేస్తే విండోస్ వచ్చింది, డీ మీద క్లిక్ చేస్తే ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని ఫొటోలు బయటికి వచ్చాయి, వాటిలో చాలావాటికి పైసగం బొమ్మ, కిందిసగం బూడిదరంగు. టూల్ తప్పేమీ లేదు, తప్పంతా నాదే.

జీపార్టెడ్‌ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. విండోస్ హైబర్నేషన్‌లో ఉన్నా, ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉన్నా ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని కుదించనని మొండికేస్తుంది. ఫైల్ సిస్టమ్‌లో తేడా కనిపిస్తే ముందు విండోస్‌లో చెక్‌డిస్క్‌తో సరిచేసుకు రమ్మంటుంది. డిస్క్ ఆరోగ్యంగా ఉండి, కరెంటు నిలకడగా ఉంటే మామూలుగా పని సాఫీగానే అయిపోతుంది. డీలో ప్రోగ్రాములు, గేమ్‌లు ఇన్‌స్టాల్ చేసుకున్నవారికి అవన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, అది పెద్ద లాభమే.

కానీ జరపడాన్ని ఎంచుకునేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం, "నా దగ్గర బయటి డిస్క్ లేదు" అని. అంటే బ్యాకప్ లేదు కాబట్టి, బ్యాకప్ అన్నింటికన్నా ఎక్కువ అవసరమైన పని చేస్తామంటున్నారు! పోనీ బ్యాకప్ ఉందనుకుందాం, అలాంటప్పుడు గంటల తరబడి జరపడం ఎందుకు? డిలీట్ చేసి కాపీ తెచ్చుకోవచ్చు కదా. కాపీకీ గంటలు పడుతుంది, నిజమే. కానీ కాపీ మధ్యలో ఆగితే అసలుకి ఏమీ కాదు, మళ్లీ మొదలుపెట్టుకుంటాం.

రెండో దారిలో టెన్షన్ పడాల్సింది ఒక్కచోటే. కొత్త డీని ఫార్మాట్ చేశాక, మీ డేటాకి మిగిలేది బయటి డిస్క్‌లోని ఒక్క కాపీ. అందుకని డిలీట్‌కి ముందు రెండువైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, బైట్ల లెక్క సరిపోయాయో లేదో చూడండి. దాచిపెట్టిన ఫైళ్లు కూడా వచ్చాయో లేదో చూసుకోండి. నాలుగు పెద్ద వీడియోలు తెరిచి చివరిదాకా జరిపి చూడండి. మళ్లీ దొరకని ఫొటోలుంటే ఇంకోచోట మరో కాపీ పెట్టండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు ఎప్పుడో డీకి మార్చి మరిచిపోయినవాళ్లు చాలామంది ఉంటారు, అదీ చూసుకోవాలి. కొత్త పార్టిషన్‌కి మళ్లీ డీ అక్షరమే ఇవ్వాలి, లేకపోతే పాత షార్ట్‌కట్లన్నీ తెల్లమొహం వేస్తాయి.

డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్, బిట్‌లాకర్, ఆన్‌లో ఉంటే ఏ దారైనా ముందు 48 అంకెల రికవరీ కీ కాగితం మీదో ఫోన్‌లోనో రాసుకోండి. సీకి, డీకి మధ్య చిన్న రికవరీ పార్టిషన్ ఉంటే డీని డిలీట్ చేసినా ఎక్స్‌టెండ్ పలకదు. అప్పుడు మాత్రం ఆ చిన్నదాన్ని జీపార్టెడ్‌తో కుడికి జరపడానికి నాకు అభ్యంతరం లేదు, బ్యాకప్ ఎలాగూ చేతిలో ఉంది.

మిగతా దారులు: డిస్క్‌ని డైనమిక్ అనే వేరే రకంగా మార్చమంటారా అని విండోస్ అడిగితే క్యాన్సిల్ కొట్టండి. విండోస్‌లోంచే జరిపేస్తామనే కొనుగోలు టూల్స్ చేసేదీ అదే జరపడం. ల్యాప్‌టాప్‌లో రెండో ఎస్‌ఎస్‌డీకి స్లాట్ ఉంటే ఈ గొడవే అక్కర్లేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కటి డీకి మారిస్తే సరిపోయేవాళ్లూ ఉన్నారు, ముందు అది చూడండి.

మా ల్యాప్‌టాప్‌లో డీ కాపీకి దాదాపు రెండు గంటలు పట్టింది. డిలీట్, ఎక్స్‌టెండ్, కొత్త వాల్యూమ్ మూడూ కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఫైళ్లన్నీ మళ్లీ డీలోకి వచ్చేశాయి. అయినా బయటి డిస్క్‌లోని కాపీని ఇంకా తీసేయలేదు, ఒక నెల ఆగి చూస్తాను.