నెట్‌లో ఏడాది, నదిలో 16 రోజులు

గ్రాండ్ కాన్యన్‌ని పై నుంచి చూసి, ఫొటోలు దిగి వచ్చేయడం అమెరికాలో మనవాళ్లందరూ చేసేదే. నేనూ రెండుసార్లు అదే చేశాను. అడుగున పారే కొలరాడో నదిలో గైడ్ లేకుండా మన రాఫ్ట్‌లు, అంటే గాలి నింపిన పడవలు, మనమే నడుపుకుంటూ పోవచ్చని ఆఫీసులో ఒక ఫ్రెండ్ చెప్పేదాకా తెలియదు. అతనికి పర్మిట్ లాటరీలో సెప్టెంబరు మొదటి వారం తగిలింది. లీస్ ఫెర్రీ నుంచి డైమండ్ క్రీక్ దాకా 226 మైళ్లు. 16 మందిమి, అంతకు మించి ఒప్పుకోరు.

పర్మిట్‌కి నేషనల్ పార్క్ సర్వీస్ సైటు ఒక్కటే దారి. మరుసటి ఏడాది తేదీలకి ఫిబ్రవరిలో పెద్ద లాటరీ, రద్దయిన తేదీలకి తర్వాత చిన్న లాటరీలు. సైటు చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది గానీ, ఏ తేదీలకి ఎంత పోటీ ఉందో పాత లెక్కలు అందులోనే దొరుకుతాయి. ఎండాకాలం వదిలేసి చలికాలం అడిగితే అవకాశం బాగా పెరుగుతుంది. ఆ నదికి వెళ్లి చాలా ఏళ్లయినవాళ్లకి చీటీలు ఎక్కువ వేస్తారు, 5 దాకా. 2006కి ముందు వెయిటింగ్ లిస్టు ఉండేది, పేరు రాయించుకున్నవాళ్లు పదేళ్లకు పైగా ఎదురుచూసేవాళ్లట. దానికంటే ఇదే నయం.

సామానంతా ఫ్లాగ్‌స్టాఫ్‌లో అద్దెకి దొరుకుతుంది: రాఫ్ట్‌లు, తెడ్లు, ఐస్ పెట్టెలు, రోజువారీగా సర్దిన తిండి. మేం తీసుకున్న చోట ఆన్‌లైన్ ఫారంలో ఐదుగురం శాకాహారం అని టిక్ పెట్టాం. మూడో రోజు పెట్టె తెరిస్తే మా పేర్ల కింద బీఫ్ జెర్కీ! అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎవరితో పోట్లాడతాం? ఆవకాయ, పులిహోర పొడి తెచ్చుకోబట్టి బతికాం. పెట్టెలు కట్టేటప్పుడు మనిషి వెళ్లి కళ్లారా చూసుకోవాలి.

నెట్‌లో దొరికినవాటిలో నా మటుకు నాకు నూటికి నూరు పనికొచ్చింది నదికి ఎగువన ఉన్న గ్లెన్ కాన్యన్ డ్యామ్ నీటి విడుదల షెడ్యూలు. కరెంటు వాడకాన్ని బట్టి నీళ్లు వదులుతారు. ఫీనిక్స్‌లో ఏసీలు జోరుగా తిరిగితే ఇక్కడ నది పొంగుతుంది, కాకపోతే కొన్ని గంటలు ఆలస్యంగా. రెండో రాత్రి ఒడ్డుకి కట్టిన రాఫ్ట్ తెల్లారేసరికి నీళ్లు దిగిపోయి ఇసుక మీద కూర్చుంది. ఎనిమిది మందిమి తోసినా కదల్లేదు, బరువంతా దించాల్సొచ్చింది. ఆ రోజు నుంచి ప్రింట్ తీసుకున్న కాగితం చూడకుండా తాడు కట్టలేదు.

లిటిల్ కొలరాడో అనే ఉపనది కలిసే చోటు దాటాక నీళ్లు కాఫీ రంగు. బకెట్లో పటిక వేసి రాత్రంతా తేర్చి, పొద్దున ఫిల్టర్ పట్టేవాళ్లం. మా అమ్మమ్మ బిందెలో పటిక తిప్పడం గుర్తొచ్చింది. బస మాత్రం స్వర్గం: ఇసుక తిన్నె, పైన నక్షత్రాలు, అద్దె లేదు. టాయిలెట్ మాత్రం సీలు వేసిన డబ్బా, దాన్ని చివరి దాకా మోసుకుపోవాలి. మూత్రం నదిలోనే పోయాలని రూలు! మన దగ్గరైతే గంగమ్మకి అపచారమని వీపు పగలగొడతారు. లోపలి రాళ్ల పేరు విష్ణు శిస్ట్, దాదాపు 170 కోట్ల ఏళ్లనాటివి. పైన శిఖరాలు విష్ణు, శివ, బ్రహ్మ టెంపుల్స్. ఆ పేర్లు చూసి మాలో ఒకాయన రోజూ దండం పెట్టేవాడు.

నన్ను మోసం చేసింది వీడియోలు. 179వ మైలు దగ్గర లావా ఫాల్స్ అని నది రాళ్ల మీద ఎగిరిపడే చోటు ఉంది, దాని క్లిప్పులు పాతిక దాకా చూసి, దారి కంఠతా వచ్చేసిందనుకున్నాను. తీరా ఒడ్డున బండ ఎక్కి చూస్తే ఒక్కటీ పోలిక లేదు, నీటి మట్టమే వేరు. ఇదివరకు రెండుసార్లు వచ్చిన ఆవిడ మాత్రం గంటసేపు కర్రముక్కలు నీళ్లలోకి విసిరి, అవి ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చుంది. ఆవిడ రాఫ్ట్ వెనకే మేం దిగాం. చల్లటి నీళ్లు ముఖాన కొట్టాయి, ఎడమ తెడ్డు చేయి జారింది, కళ్లు తెరిచేసరికి కింద ఉన్నాం. ఎటు నుంచి వచ్చామో ఇప్పటికీ చెప్పలేను.